ఊపిరి యంత్రము – నర్సు చేయి
పసిపిల్లల వార్డులలో ఒక శిక్షణ చరిత్ర

నూరేండ్ల పండుగ సంచికలో వ్రాయదగిన విషయములు అనేకము కలవు. దేవాలయములు కట్టబడిన విధము, పాఠశాలల స్థాపన, దైవసేవకుల జీవితములు మొదలైన వాటిని గూర్చి ఇతరులు వ్రాయుచున్నారు. మేము ఎన్నుకొన్న విషయము వాటి ప్రక్కన చిన్నదిగా కనబడవచ్చును. ఊపిరి యంత్రముపై ఉంచబడిన పసిపిల్లలకు కొత్త రోగములు సోకకుండ కాపాడుటకు నర్సులకు శిక్షణ ఇచ్చుట ఎట్లు మొదలైనది, ఎట్లు సాగినది, దానివలన ఏమి ఫలితము కలిగినది అనునదే ఆ విషయము.

దీనిని సంఘముల యెదుట ఉంచుటకు కారణము కలదు. తెలుగునాట నర్సు వృత్తి తొలి దినములలో ఎక్కువగా మిషన్ ఆసుపత్రులలోనే నేర్పబడినది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ దొరసాని గారు వైద్యము ప్రారంభించి, 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రిని తెరచారు. మన సరిహద్దునకు దగ్గరగానున్న వేలూరులో డాక్టరు ఐడా స్కడ్డర్ గారి ఆసుపత్రియందు 1909లో నర్సుల శిక్షణ ఆరంభమైనది. 1946లో అది డిగ్రీ చదువుగా పెరిగినది. చేతులు కడుగుట, సామానులు మరిగించుట, రోగి పడకను శుభ్రముగా ఉంచుట – ఇవియే ఆనాటి మొదటి పాఠములు. నర్సు శిక్షణకు ఒక కుమార్తెనైనను పంపని సంఘము మనలో అరుదు. కాబట్టి ఈ చరిత్ర చాలవరకు పరదేశములలో నడచినదైనను, దీనిలో మనకును భాగము కలదు.

2020లో కోవిడ్ వ్యాధి వచ్చినప్పుడు వెంటిలేటరు అను మాట పల్లెలకు కూడ చేరినది. ఏ ఆసుపత్రిలో ఎన్ని వెంటిలేటర్లున్నవని పత్రికలు లెక్కలు ప్రకటించినవి. ఆ యంత్రము ప్రక్కన నిలుచు నర్సు ఏమి నేర్చుకొన్నదని అడిగినవారు తక్కువ. మేము చెప్పదలచినది ఇంతే. యంత్రము బిడ్డకు ఊపిరి ఇచ్చును. ఆ యంత్రమే క్రిములకు దారి తెరచును. ఆ దారిని మూయుటకు అన్నిటికంటె ముందు కావలసినది మరియొక యంత్రము కాదు, బాగుగా నేర్పబడిన నర్సు చేయి.

ఇనుప పీపా నుండి రబ్బరు సంచి వరకు

పోలియో వ్యాధి కాళ్ళను మాత్రమే కాక, కొందరు బిడ్డలలో ఊపిరి పీల్చు కండరములను కూడ చచ్చుబడజేయును. అట్టి వారిని బ్రతికించుటకు 1928లో అమెరికాలోని బోస్టను నగరములో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా అనువారు ఒక యంత్రమును తయారుచేసారు. అది పెద్ద ఇనుప పీపా వంటిది. రోగి శరీరమంతయు లోపల, తల మాత్రము వెలుపల ఉండును. పీపాలోని గాలిని పంపు లాగినప్పుడు రొమ్ము పొంగి ఊపిరి లోనికి పోవును. గాలిని వదలినప్పుడు ఊపిరి బయటికి వచ్చును. బోస్టను పిల్లల ఆసుపత్రిలో ఎనిమిదేండ్ల బాలికకు దీనిని మొదట వాడారు. ఆమె కొద్ది నిమిషములలో తేరుకొన్నను, కొన్ని దినముల తరువాత మరణించినది. అయినను ఆ పీపా వేలమంది ప్రాణములను నిలిపినది. రోగి గొంతులో ఏ గొట్టమును లేకపోవుట ఆ యంత్రములోని విశేషము. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

1952లో డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగన్‌లో పోలియో భయంకరముగా ప్రబలినది. బ్లెగ్‌డమ్ ఆసుపత్రికి ఒక్కొక్క దినమున 50 మంది వరకు రోగులు వచ్చుచుండిరి. ఇనుప పీపా ఒక్కటియు, రొమ్ముకు బిగించు చిన్న యంత్రములు ఆరును మాత్రమే అక్కడ ఉండినవి. ఊపిరి కండరములు పడిపోయినవారిలో నూటికి 80 మందికి పైగా మరణించుచుండిరి. ఆసుపత్రి పెద్దయైన డాక్టరు లాసెన్ గారు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తు వైద్యుని పిలిపించి సలహా అడిగారు. ఆగస్టు 27న పన్నెండేండ్ల బాలికకు కంఠము క్రింద రంధ్రము చేయించి, దానిలో గొట్టము అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఇబ్సెన్ గారు గాలి అందించారు. బాలిక బ్రతికినది. అంతట సుమారు 1500 మంది విద్యార్థులు వంతులు వేసుకొని, రాత్రింబగళ్ళు రోగుల ప్రక్కన కూర్చుండి సంచులు నొక్కారు. మరణములు నూటికి 25కు దగ్గరగా దిగినవి.

మరుసటి సంవత్సరము డిసెంబరులో ఇబ్సెన్ గారు అదే నగరములోని మరియొక ఆసుపత్రిలో, ప్రతి రోగి ప్రక్కన ఎల్లవేళల ఒక నర్సు ఉండునట్టి వార్డును తెరచారు. నేడు మనము ఐ.సి.యు. అని పిలుచుచున్న వార్డులకు అది మూలముగా ఎంచబడుచున్నది. క్రమముగా విద్యార్థుల చేతులకు బదులు యంత్రములు గాలి తోయసాగినవి.

నెలలు నిండని శిశువుల విషయములో ఈ మేలు ఆలస్యముగా వచ్చినది. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ గారి కుమారుడు నెలలు నిండకముందే పుట్టి, ఊపిరితిత్తులు పరిపక్వము కానందున 39 గంటలకే మరణించాడు. దేశాధ్యక్షుని బిడ్డకైనను ఆనాటి వైద్యము చాలలేదు. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టరు గ్రెగరీ గారును ఆయన తోటివారును శిశువు ఊపిరితిత్తులు ముడుచుకొని పోకుండ నిలకడగా గాలి ఒత్తిడి ఇచ్చు పద్ధతిని ప్రకటించారు. అటుపిమ్మట శిశువుల ఐ.సి.యు.లు దేశదేశములలో వెలసినవి.

తెరువబడిన ద్వారము

దేవుడు మన శ్వాసమార్గమునకు మంచి కావలి పెట్టాడు. ముక్కు గాలిని వడపోసి, వెచ్చజేసి, తడిపి పంపును. గొంతులోని మూత ఉమ్మిని దారి తప్పనీయదు. ఏదైన లోనికి జారినయెడల దగ్గు దానిని వెలుపలికి త్రోయును. శ్వాసనాళములోనికి గొట్టము దింపినప్పుడు ఈ కావలి యంతయు తప్పిపోవును. గొట్టము ప్రక్కగా ఉమ్మి కొంచెము కొంచెముగా క్రిందికి జారును. గొట్టము లోపలి గోడకు క్రిములు పొరవలె అంటుకొనును. మందు మత్తులోనున్న బిడ్డ దగ్గలేదు. ఈ విధముగా ఇనుప పీపాలో లేని క్రొత్త అపాయము గొట్టముతో వచ్చినది. ఒక వ్యాధితో ఆసుపత్రికి వచ్చిన బిడ్డకు, ఆసుపత్రిలోనే న్యుమోనియా పట్టసాగినది.

మొదట వైద్యులు దోషమును యంత్రములో వెదకినారు. అది సబబే. 1965లో అమెరికాలోని డల్లాస్ వైద్యులు, రోగికి పంపు గాలిని తడుపుటకు అమర్చిన నీటి పాత్రలలో క్రిములు విస్తారముగా పెరిగి, సన్నని తుంపరలతోపాటు ఊపిరితిత్తులలోనికి పోవుచున్నవని చూపారు. ఆ పాత్రలను క్రమముగా శుద్ధిచేయ నారంభించిన తరువాత ప్రాణాంతకమైన ఆ న్యుమోనియా తగ్గినది. అప్పటినుండి యంత్రపు గొట్టములను దినదినము మార్చుట, నీటిని శుద్ధముగా ఉంచుట నర్సులకు పాఠముగా నేర్పబడినది.

అయినను న్యుమోనియా పూర్తిగా పోలేదు. 1969లో అదే నగరపు వైద్యులు మరియొక సంగతి కనుగొన్నారు. ఆరోగ్యవంతుల గొంతులో అరుదుగా ఉండు కొన్ని మొండి క్రిములు, తీవ్రముగా జబ్బుపడినవారి గొంతులో కాపురము పెట్టుచున్నవి. అనగా శత్రువు యంత్రములో మాత్రమే కాదు, రోగి నోటిలోనే ఉన్నాడు. ఒక రోగి నోటినుండి మరియొక రోగి నోటికి ఆ క్రిములను చేరవేయుటకు అందరికంటె దగ్గరగా ఉన్నవి పనిచేయువారి చేతులే. నీటి పాత్రను ఉడికించవచ్చును గాని నోటిని ఉడికించలేము. కాబట్టి గంట గంటకు బిడ్డను ముట్టుకొను నర్సు చేతికి నేర్పక తప్పదని క్రమముగా తేటయైనది.

పసిపిల్లలలో ఈ కష్టము మరింత ఎక్కువ. వారి శ్వాసనాళము సన్ననిది. పెద్దలకు వాడు గొట్టము చివర గాలిబుడగ వంటి అడ్డు ఉండును. చిన్నపిల్లలకు అది లేని గొట్టమునే చాలకాలము వాడారు. అందుచేత చొంగ సులభముగా క్రిందికి జారును. బిడ్డ కదలినప్పుడు గొట్టము ఊడిపోవుటయు, దానిని మరల దింపవలసి వచ్చుటయు సామాన్యము. అమెరికాలోని సెయింట్ లూయిస్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2002లో ప్రకటించిన పరిశీలనలో, గొట్టము మరల దింపబడిన బిడ్డలకును, పరీక్షలకై ఐ.సి.యు. వెలుపలికి తీసికొనిపోబడిన బిడ్డలకును న్యుమోనియా అపాయము హెచ్చుగా ఉన్నదని తేలినది. ఈ రెండును నర్సు జాగ్రత్తతో సంబంధించినవే.

లెక్క వ్రాసిన నర్సు

1950లలో అనేక దేశముల ప్రసూతి వార్డులలో స్టాఫిలోకాకస్ అను క్రిమి చెలరేగి, అప్పుడే పుట్టిన శిశువులకును బాలింతలకును కురుపులు, న్యుమోనియా కలుగజేసినది. పెన్సిలిన్ దానిమీద పనిచేయలేదు. ఆ సమయములో ఇంగ్లాండులోని టార్కీ పట్టణపు ఆసుపత్రిలో ఒక క్రొత్త ఉద్యోగము ఏర్పడినది. 1959లో కాట్రెల్ అను సిస్టరు క్రిముల నివారణకై ప్రత్యేకముగా నియమింపబడినది. ప్రతి వార్డునకు వెళ్ళి, ఎవరికి ఏ క్రిమి సోకినదో వ్రాసికొని, ఎక్కడ దారి తప్పుచున్నదో కనిపెట్టి, తోటి నర్సులకు చెప్పుట ఆమె పని. లోకములో ఇట్టి పదవి పొందిన మొదటి నర్సుగా ఆమెను చెప్పుదురు.

ఆ పని వట్టిది కాదని నిరూపించుటకు చాలకాలము పట్టినది. అమెరికా ప్రభుత్వ రోగనివారణ సంస్థ 1974లో మొదలుపెట్టిన గొప్ప పరిశీలన ఫలితములు 1985లో వెలువడినవి. 250 పడకలకు ఒక్క నివారణ నర్సు ఉండి, క్రమముగా లెక్కలు వ్రాసి, ఆ లెక్కలను పనిచేయువారికి తెలియజేసిన ఆసుపత్రులలో, అక్కడ కలుగు అంటురోగములలో సుమారు మూడవ వంతు నివారింపవచ్చునని తేలినది.

ఊపిరి యంత్రముల విషయములో ఆ లెక్క ఒక పద్ధతి ప్రకారము వ్రాయబడును. ఒక బిడ్డ ఒక దినము యంత్రముపై ఉన్నయెడల అది ఒక వెంటిలేటరు దినము. పదిమంది బిడ్డలు ఐదేసి దినములు ఉన్నయెడల 50 దినములు. అట్టి 1000 దినములలో ఎందరికి న్యుమోనియా వచ్చినదని చూచెదరు. పెద్ద ఆసుపత్రికిని చిన్న ఆసుపత్రికిని ఇదే కొలత. ఈ కొలత చేతికి వచ్చిన తరువాతనే, శిక్షణవలన మేలు కలిగినదా లేదా అని న్యాయముగా అడుగుటకు వీలైనది.

పది పుటల పుస్తకము

ఆ ప్రశ్నకు స్పష్టమైన సమాధానములలో ఒకటి సెయింట్ లూయిస్ నగరమునుండి వచ్చినది. అక్కడి బార్న్స్-జూయిష్ ఆసుపత్రిలో క్రొత్త యంత్రమేదియు కొనలేదు, క్రొత్త మందేదియు వాడలేదు. పది పుటల చిన్న పుస్తకమొకటి వ్రాసి, ఐ.సి.యు. నర్సులకును శ్వాసచికిత్స పనివారికిని ఇచ్చారు. చదువుటకు ముందు ఒక పరీక్ష, చదివిన తరువాత మరియొక పరీక్ష పెట్టారు. వార్డులలో పాఠములు చెప్పారు, గోడలకు పటములు అంటించారు. శిక్షణకు ముందటి సంవత్సరములో 1000 వెంటిలేటరు దినములకు 12.6 చొప్పున న్యుమోనియా వచ్చినది. శిక్షణ తరువాత అది 5.7కు దిగినది. 2002లో ఈ ఫలితము ప్రకటింపబడినది.

తరువాత అదే పుస్తకమును ఆ సంస్థకు చేరిన నాలుగు ఆసుపత్రులలో వాడారు. వాటిలో ఒకటి పిల్లల ఆసుపత్రి. 2004లో ప్రకటించిన ప్రకారము, నాలుగింటిలో కలిపి లెక్క 8.75 నుండి 4.74కు తగ్గినది. పిల్లల ఆసుపత్రిలో కూడ తగ్గుదల స్పష్టముగా కనబడినది. అయితే ఒక ఆసుపత్రిలో ఏ మార్పును కలుగలేదు. అక్కడ శ్వాసచికిత్స పనివారిలో నూటికి 56 మంది మాత్రమే పుస్తకమును పూర్తిచేసారు. పుస్తకము అందరికిని ఒక్కటే. దానిని ముగించినవారి సంఖ్య వేరు. శిక్షణ అనగా పుస్తకము అచ్చువేయుట కాదు, ప్రతివారును దానిని ముగించువరకు విడువకుండుట అని ఈ ఒక్క ఉదాహరణ బోధించుచున్నది.

పిల్లల వార్డులలో మాత్రమే జరిగిన ప్రయత్నము సిన్సినాటి పిల్లల ఆసుపత్రిది. అక్కడ వైద్యులును నర్సులును శ్వాసచికిత్స పనివారును కూడి, చేయవలసిన పనులను ఒక జాబితాగా కూర్చి, ప్రతి బిడ్డ మంచము దగ్గర అవి జరుగుచున్నవో లేదో చూచారు. 2009లో ప్రకటించిన ఫలితము ప్రకారము 1000 దినములకు 5.6గా ఉన్న లెక్క 0.3కు దిగినది. ఆ జాబితాలోని పనులు వినుటకు ఎంతో సామాన్యమైనవి:

బిడ్డను ముట్టకముందును ముట్టిన తరువాతను చేతులు శుభ్రపరచుకొనుట.

మంచమును తలవైపున 30 నుండి 45 డిగ్రీల వరకు ఎత్తియుంచుట. కడుపులోని పాలు, ఉమ్మి వెనుకకు ఎగదన్నకుండుటకై ఇది.

కొన్ని గంటలకొకసారి నోటిని శుభ్రపరచుట.

యంత్రపు గొట్టములలో పేరుకొను నీటిని బిడ్డవైపు పోనీయక బయటికి తీసివేయుట.

నోటిలోని ఉమ్మిని లాగు సక్షన్ గొట్టమును పడకమీద పడవేయక వేరుగా శుభ్రముగా ఉంచుట.

వీటితోపాటు నేటి శిక్షణలో ముఖ్యమైనది మరియొకటి కలదు. బిడ్డ యంత్రము లేకుండ ఊపిరి పీల్చగలదా అని ప్రతిదినము అడుగుట. గొట్టము ఉన్నంతకాలము ద్వారము తెరచియే ఉండును. ఒక దినము ముందుగా తీసినయెడల ఒక దినపు అపాయము తప్పును.

ధనిక దేశములలోనే ఇది సాధ్యమా అని అడుగవచ్చును. మన దేశముతో కూడ ఐదు దేశములలోని పిల్లల ఐ.సి.యు.లలో జరిగిన ప్రయత్నము 2012లో ప్రకటింపబడినది. శిక్షణ, చేతుల శుభ్రత, లెక్కలు వ్రాసి పనివారికి తెలుపుట మొదలైనవి అక్కడ అమలుచేసారు. 1000 దినములకు 11.7గా ఉన్నది 8.1కు తగ్గినది. సిన్సినాటివలె కాకపోయినను, దాదాపు మూడవ వంతు తగ్గుట చిన్న విషయము కాదు. ఆ సంఖ్యల వెనుక తల్లి ఒడికి తిరిగి వచ్చిన బిడ్డలున్నారు.

మరచుటయు నేర్చుకొనవలసినదే

ఈ చరిత్రలో మాకు అన్నిటికంటె ఆశ్చర్యముగా తోచినది వేరొకటి. ఒక కాలములో నర్సులకు ఎంతో శ్రద్ధతో నేర్పినది మరియొక కాలములో మాన్పింపవలసి వచ్చినది.

యంత్రపు గొట్టములను ప్రతి 24 గంటలకు మార్చవలెనని మొదట నేర్పారు. 1982లో ఒక పరిశీలన 48 గంటలకు మార్చిన చాలునని చూపినది. 1991లో ఫ్రెంచి వైద్యులు ఊరక మార్చకున్నను న్యుమోనియా హెచ్చుట లేదని చూపారు. మాటిమాటికి గొట్టములు విప్పుటవలన ఆ నీరు బిడ్డవైపు జారు అపాయము కూడ కలదు. ఇప్పుడు మలినము కనబడినప్పుడు గాని, పాడైనప్పుడు గాని మాత్రమే మార్చవలెనని చెప్పుచున్నారు.

కఫము లాగుటకు ముందు గొట్టములో కొన్ని చుక్కల ఉప్పునీరు వేయుట చాలకాలము వాడుకలో ఉన్నది. దానిని ప్రతిసారి చేయవద్దని నేడు నేర్పుచున్నారు. నోరు కడుగుటకు క్లోర్‌హెక్సిడిన్ అను మందును ఎంతో నమ్మకముతో వాడారు. 2022లో అమెరికా నిపుణులు వెలువరించిన సూచనలలో, పెద్దలకు ఆ మందు సాధారణముగా వలదనియు, పండ్లు తోముటయే మేలనియు చెప్పబడినది.

మంచము తల ఎత్తుట మాత్రము నిలిచినది. 1999లో బార్సిలోనా వైద్యులు పెద్దవారైన రోగులలో చేసిన పరిశీలనలో, వెల్లకిల పడుకొన్నవారిలో నూటికి 34 మందికి న్యుమోనియా అనుమానింపబడగా, తల ఎత్తి పడుకొనబెట్టినవారిలో 8 మందికి మాత్రమే అట్లు జరిగినది. చేతుల శుభ్రత కూడ నిలిచినది. జెనీవా నగరపు ఆసుపత్రిలో ప్రతి మంచము దగ్గర స్పిరిటు ద్రావకమును ఉంచి, పనివారికి పట్టుదలతో బోధించగా, చేతులు శుభ్రపరచుకొనుట 1994లో నూటికి 48 సార్లుగా ఉండి 1997లో 66 సార్లుగా పెరిగినది. ఆసుపత్రిలో సోకు రోగములును తగ్గినవి.

ఇందువలన తెలియునదేమనగా, ఏమి చేయవలెనో మాత్రమే నేర్చిన నర్సు, పద్ధతి మారినప్పుడు తడబడును. ఎందుకు చేయవలెనో నేర్చినది, మార్పును అర్థముచేసికొనును. ఒకసారి చదివిన పాఠమును ఉద్యోగము విరమించువరకు వాడుట ఈ పనిలో కుదరదు. శిక్షణ ఒక్కసారి పెట్టు దీపము కాదు; మాటిమాటికి నూనె పోయవలసిన దీపము.

ఎందరు బిడ్డలకు ఒక నర్సు?

శిక్షణను ఎంత పొగడినను ఒక సత్యమును దాచరాదు. నేర్చిన చేయి కూడ రెండు చోట్ల ఒకేసారి ఉండలేదు. 1982లో అమెరికాలో శిశువుల ప్రత్యేక వార్డునుగూర్చి ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ఒక్క నర్సు చేతిలో ఏడుగురికంటె ఎక్కువమంది శిశువులు ఉన్న రోజుల తరువాతనే స్టాఫిలోకాకస్ మరల మరల చెలరేగినదని చూపారు. ఆ నర్సులకు చేతులు కడుగవలెనని తెలియక కాదు. ఒక బిడ్డ ఊపిరి ఆగుచుండగా కుళాయి వరకు వెళ్ళి వచ్చు తీరిక లేక.

మేమెరిగిన ఒక ఆసుపత్రిలో దాతలు ఇచ్చిన వెంటిలేటరును ఎంతో సంబరముగా ప్రతిష్ఠించారు. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు తీసారు. యంత్రమును అమ్మినవారి మనిషి వచ్చి మీటలు ఎట్లు త్రిప్పవలెనో ఒక పూట చూపించి వెళ్ళాడు. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు, ఆమె చేతిలో వార్డంతయు. ఆ పేరు చెప్పుట మా ఉద్దేశము కాదు. అట్టి చోట్లు ఒకటి మాత్రమే అయినయెడల మేము ఈ మాట వ్రాయకనే ఉందుము.

యంత్రమునకు దాత దొరకును. దానిమీద పేరు చెక్కింపవచ్చును. నర్సు శిక్షణకు, రెండవ నర్సు జీతమునకు దాత దొరకుట కష్టము. ఎక్కడను పేరు కనబడదు. అయినను పైన చెప్పిన చరిత్రయంతయు ఆ కనబడని ఖర్చే బిడ్డను ఇంటికి పంపుచున్నదని సాక్ష్యమిచ్చుచున్నది.

మన వంతు

ఈ విషయములో సంఘస్థులుగా మనము చేయగలిగినవి కొన్ని కలవు.

మొదటిది, మన ఆసుపత్రుల కమిటీలలో కూర్చుండువారు యంత్రము కొనుటకు తీర్మానించు నాడే, దానిని నడుపు నర్సుల సంఖ్య, వారి శిక్షణ, ప్రతి సంవత్సరము చేయవలసిన పునఃశిక్షణ – వీటికి కూడ సొమ్ము కేటాయించవలెను. ఎన్ని వెంటిలేటర్లున్నవి అను ప్రశ్న వెంట, 1000 దినములకు లెక్క ఎంత అను ప్రశ్న కూడ అడుగవలెను. ఆ లెక్క వ్రాయని ఆసుపత్రికి తన మంచిచెడ్డలు తనకే తెలియవు.

రెండవది, నర్సు మాటకు విలువ ఇయ్యవలెను. గొట్టము దింపబోవు డాక్టరు చేతులు కడుగుకొనలేదని చూచిన నర్సు, అయ్యా ఆగండి అని చెప్పగలిగినప్పుడే ఈ శిక్షణ నెరవేరును. పాఠము నేర్పి నోరు మూయించినయెడల ప్రయోజనము లేదు. ఇది ఆసుపత్రి పెద్దలు కల్పించవలసిన ధైర్యము.

మూడవది మనకందరికి సంబంధించినది. బిడ్డ ఐ.సి.యు.లో ఉన్నదని వినగానే బంధువులు, సంఘపెద్దలు, పాస్టరు గారు పరుగెత్తి వెళ్ళుదురు. బిడ్డ తలమీద చేయి ఉంచి ప్రార్థించుట మన వాడుక. ఆ చేయి మోటారు సైకిలు హేండిలును, ఆసుపత్రి తలుపును, పది మంది చేతులను తాకి వచ్చిన చేయి. ప్రార్థనకు ముందు దానిని కడుగుకొనుట భక్తికి తక్కువ కాదు. లోనికి ఒక్కరే రండి, చేతులు కడుగుకొని రండి, జలుబు ఉన్నయెడల రావలదు అని నర్సు చెప్పినప్పుడు, మమ్మును అడ్డగించుటకు ఈమె ఎవరు అని కోపగించుకొనరాదు. ఆమె ఆ సమయమున ఆ బిడ్డకు కావలి. ఆ కావలి పనిని ఆమె ఎంత కష్టపడి నేర్చుకొన్నదో, ఆ విద్య ఎన్ని దేశములలో, ఎన్ని ఏండ్లలో, ఎందరు బిడ్డల మరణముల తరువాత కూడబెట్టబడినదో పై పుటలలో చూచితిమి.

నూరేండ్ల క్రిందట మన ముత్తవ్వలకు దొరసానులు నేర్పిన మొదటి పాఠము చేతులు కడుగుట. యంత్రములు వచ్చినవి, మందులు వచ్చినవి, పద్ధతులు ఎన్నో మారినవి. ఆ మొదటి పాఠము మాత్రము మారలేదు. రానున్న నూరేండ్లలో మన ఆసుపత్రులు ఏమి కొనునో మేము చెప్పలేము. ఏమి కొన్నను, దాని ప్రక్కన నేర్చిన నర్సు ఒకతె, అలసట లేనంత తీరికతో, మాట చెప్పగల ధైర్యముతో నిలిచియుండునట్లు చూచుట ఇప్పటి తరమువారి బాధ్యత అని మనవి చేయుచున్నాము.